బావి దగ్గర పందొమ్మిది సాయంత్రాలు

స్వతంత్రం వచ్చిన రెండేళ్లకు నేను పెన్న ఒడ్డున శాంతయ్యగారి ఆశ్రమంలో ఉండేవాణ్ణి. ప్లీడరు పరీక్ష ప్యాసైన గర్వం ఇంకా నా మాటల్లోంచి పోలేదు. రోజూ పొద్దున్నే ఆయనకు పేపరు చదివి వినిపించేవాణ్ణి.

ఒకరోజు విసుక్కున్నాను. "రాజ్యాంగం మొదలుపెట్టి మూడేళ్లు కావస్తోంది స్వామీ. ఒక్కో మాట మీదా వాదనలే. తెలిసినవాడు ఒక్కడు కూర్చుంటే ఆరునెలల పని."

ఆయన నవ్వారు. "మన బావి దగ్గర రోజూ తగవులే కదా పాణీ. దానికి నియమాలు రాసిపెట్టు."

ఆ ఏడు వానల్లేవు. ముప్పైమందికి ఒకటే బావి. మధ్యాహ్నానికల్లా పదహారు నియమాలు రాసి, గిలక స్తంభానికి అంటించాను.

మర్నాడు వంట చేసే చెంగమ్మ మూడో బిందె తోడబోతే ఆపాను. మనిషికి రెండు బిందెలే అని రాశాను మరి.

"రెండు బిందెలతో ముప్పైమందికి నువ్వే వండు నాయనా," అని ఆమె వెళ్లిపోయింది. ఆ పూట ఎవరికీ అన్నం లేదు.

శాంతయ్యగారు సాయంత్రం అందర్నీ బావి చుట్టూ కూర్చోబెట్టారు. "ఒక్కొక్కరే చెప్పండి. పాణి రాసుకుంటాడు."

పందొమ్మిది సాయంత్రాలు పట్టింది. అరుచుకున్నారు, అలిగి లేచిపోయారు, మళ్లీ వచ్చి కూర్చున్నారు. నేను రాసి, కొట్టేసి, మళ్లీ రాశాను.

చివరిరోజు పెంచలయ్య లేచాడు. పశువుల కొట్టం శుభ్రం చేసేవాడు. ఎప్పుడూ దూరంగా నిలబడేవాడు, ఎవరైనా తోడి పోస్తేనే అతని కుండ నిండేది.

"తాడు నేనూ పట్టుకోవచ్చా సామీ?"



"నీ పదహారింటిలో ఇది ఉందా పాణీ?" అన్నారు శాంతయ్యగారు.

"లేదు స్వామీ."

"నాకూ తోచలేదురా ఇన్నేళ్లూ." ఆయన లేచి, తాడు తీసి పెంచలయ్య చేతిలో పెట్టారు.

అందరూ చూస్తుండగా చెంగమ్మ తన బిందె ముందుకు జరిపింది. "నాకు తోడిపెట్టు పెంచలయ్యా. ఎసరు పెట్టాలి, పొద్దుపోతోంది."

ఎన్నో ఏళ్లయింది. ఆ గిలక చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

ఆ నవంబరు చివర్లో పేపరొచ్చింది. రాజ్యాంగాన్ని సభ ఆమోదించిందని పెద్ద అక్షరాల్లో వేశారు. శాంతయ్యగారి ఎదుట కూర్చుని అందులోని మొదటి వాక్యం ఎత్తుకున్నాను.

"భారత ప్రజలమైన మేము..."

"ఆగు నాయనా," అన్నారాయన. "అందర్నీ రానీ."