ఇత్తడి పలక మీది పేరు

విశాఖపట్నం కోటవీధిలో ఉండే సింహాద్రాచారి గారికి, అడిగిన ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పే అలవాటు లేదు. పాత ఓడల గడియారాలు ఎక్కడున్నా వెతికి తెచ్చి, ఆగిపోయినవాటికి ప్రాణం పోయడంలో తల నెరిసిన మనిషి ఆయన. ఆరేళ్ళుగా ఆయన దగ్గర పని నేర్చుకుంటున్న నూకరత్నం ఒకనాడు ఉండబట్టలేక అడిగేసింది.

"గురువుగారూ, నా చేతికి పని వచ్చిందని నాకెప్పుడు తెలుస్తుందండీ?"

ఆచారి గారు కళ్ళద్దాలు తుడుచుకుని, బల్ల మీదున్న టేకు పెట్టెను ఆమె వైపు తోశారు. "ముందు ఇది చూడమ్మా."

అది రిటైరైన కమాండర్ సాల్మన్ గారి గడియారం. ఓడ ఎంత ఊగినా ఒరిగిపోకుండా ఇత్తడి వలయాల మధ్య వేలాడే రకం. పూర్వం నడిసముద్రంలో ఓడ ఎక్కడుందో లెక్కగట్టడానికి అదే ఆధారం. నాలుగు సెకన్లు తేడా వస్తే ఓడ మైలు దూరం దారి తప్పినట్టే. కమాండర్ గారు దాన్ని ఒక ప్రదర్శనకు ఇవ్వబోతున్నారు. నూనె వేసి, బాగా నడుస్తోందని ఆచారి గారు ఒక ఉత్తరం రాసిస్తే చాలన్నారు.

నూకరత్నం మూత విప్పింది. లోపలి ఇత్తడి పలక మీద సూదిమొనతో గీసిన సన్నని అక్షరాలు కనిపించాయి: సిం. ఆ., 1984. తన గురువు చేసిన పని! ఆమెకు ఒళ్ళు పులకరించింది.

అయినా పది రోజులు పరీక్షకు పెట్టింది. నీళ్ళకుండ పక్కన చల్లగా ఉంచితే గడియారం రోజుకు రెండు సెకన్లు వెనకబడింది. రేకుల షెడ్డు కింద వేడిలో ఉంచితే ఐదు సెకన్లు ముందుకు పరిగెత్తింది. ఓడ గడియారం వెనకబడితే తప్పు కాదు. రోజూ ఒకేలా వెనకబడితే లెక్క కుదురుతుంది. ఇది మాత్రం ఎండకు మాట మారుస్తోంది. భూతద్దం పెట్టి వెతికితే, వేడిని తట్టుకోవడానికి చక్రం అంచున అమర్చిన రెండు చిన్న బరువులూ వెంట్రుకవాసి పక్కకు జరిగి ఉన్నాయి. వాటిని బిగించిన మరల మీది గీతలు ఎడమచేతివాటం మనిషివి. ఆమె ఎరిగినవాళ్ళలో ఎడమచేత్తో మర తిప్పేది ఒక్కరే.

గుట్టుగా సరిచేసి ఊరుకుంటే ఎవరికీ తెలియదు, గురువు పేరూ నిలుస్తుంది. కాని ఆయన చేసినదాన్ని ఆయనకే తెలియకుండా మార్చడం దొంగతనంలా తోచింది ఆమెకు.

మర్నాడు కమాండర్ గారు ఉత్తరం కోసం వచ్చారు. నూకరత్నం పది రోజుల లెక్కల కాగితం బల్ల మీద పెట్టింది. గురువు వైపు తిరిగింది.

"ఇది వేడికి నిలబడదండీ. బరువులు తప్పుగా బిగించారు. బిగించింది... మీరేనండీ."

"ఆచారి గారి పనిలో తప్పా?" కమాండర్ గారు కుర్చీలోంచి లేచారు. "బొంబాయిలో చూపించాను, కొచ్చిలో చూపించాను. ఒక్కరూ అనలేదే ఈ మాట!"

ఆచారి గారు కాగితం రెండుసార్లు చదివారు. భూతద్దం కంటికి బిగించి చాలాసేపు చక్రం మీదికి వంగి కూర్చున్నారు. నూకరత్నానికి ఆయన వీపు మాత్రమే కనిపిస్తోంది. ఆరేళ్ళ చదువు ఈ పూటతో సరి అనుకుంది.

ఆయన తల ఎత్తేసరికి ముఖం వెలిగిపోతోంది.

"ఉత్తరం ఇవాళ ఇవ్వలేనండీ కమాండర్ గారూ. ఈవిడ సరిచేశాక, ఈవిడే రాసిస్తుంది."

ఆపైన సొరుగులోంచి ఉక్కుసూది తీసి నూకరత్నం చేతిలో పెట్టి, పలక మీద తన పేరు కింద ఉన్న ఖాళీ చోటు చూపించారు.

"అక్కడ నా పేరా! వద్దండీ గురువుగారూ," అంది ఆమె.

"ఇన్నేళ్ళలో దీన్ని నలుగురైనా విప్పుంటారమ్మా," అన్నారాయన. "అందరూ నా పేరు చదివి, దణ్ణం పెట్టి, మూత బిగించేశారు."