హైమవతి ఇంటి నిశ్శబ్దం

సోమయాజులు గారికి ఒక అలవాటుంది. ప్రశ్న అడిగితే అక్కడికక్కడే జవాబు చెప్పరు. "రేపు మీ ఇంటికొస్తాను" అంటారు. వచ్చి, కాసేపు కూర్చుని వెళతారు. ఇల్లు సర్దుకోలేక ప్రశ్నలు దాచుకున్న శిష్యులు కాకినాడలో చాలామందే ఉన్నారు. వాళ్ళలో నేనూ ఒకణ్ణి.

హైమవతి మాత్రం అడిగేసింది. ఆమెది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఆర్టీసీలో కండక్టరుగా పనిచేసిన తండ్రి వీర్రాజు గారికి పక్షవాతం వచ్చి మాట పడిపోతే, ఆయన్ని తన ఫ్లాటుకి తెచ్చుకుని, కంపెనీవాళ్ళను బతిమాలి ఇంటినుంచే పని చేస్తోంది. పని మధ్యలో ధ్యాస చెదరకుండా ఉండాలని గురువుగారి దగ్గర ధ్యానం నేర్చుకుంది.

"మా ఇంట్లో చీమ చిటుక్కుమన్నా వినబడుతుందండి. అంత నిశ్శబ్దం. అయినా మనసు నిలవట్లేదు. ఎందుకంటారు?"

మర్నాడు గురువుగారు వెళ్ళారు. తలుపు తీసిన ఆమె భర్త చక్రధర్ పెదవుల మీద వేలుంచుకుని లోపలిగది వైపు చూపించాడు. మీటింగు నడుస్తోందన్నమాట. ఆ ఇంట్లో అన్నిటికీ సైగలే. బొటనవేలు నోటికానిస్తే మంచినీళ్ళు, పిడికిలి బిగిస్తే భోజనం, అరచెయ్యి ఊపితే వద్దని. హైమవతి మైకులో చప్పుడు పడకూడదని మీటింగుల వేళకు పెట్టుకున్న ఏర్పాటు పోనుపోను రోజంతా అదే అయిపోయింది.

"మాట్లాడిస్తూ ఉంటే మాట రావచ్చన్నారండి డాక్టరుగారు. ఆలస్యమైతే మరి కష్టమట. మామయ్యగారేమో ప్రయత్నమే చెయ్యట్లేదు" అని చక్రధర్ గుసగుసగా వాపోయాడు.

గురువుగారు మంచం పక్కన కుర్చీ లాక్కున్నారు. "ఏమండీ వీర్రాజుగారూ, కాఫీ తాగారా?" అని మామూలు గొంతుతోనే అడిగారు. ఆ ఇంట్లో అది పిడుగు పడినట్టు వినిపించింది. వీర్రాజు గారు ఉలిక్కిపడి కళ్ళు పెద్దవి చేసి చూశారు. హెడ్‌ఫోన్ మెడలోకి జార్చుకుంటూ హైమవతి పరుగెత్తుకొచ్చింది.

"గురువుగారూ, మీటింగులో ఉన్నానండి..."

"నాన్నగారికి దాహంగా ఉందేమో కనుక్కో అమ్మా."

ఆమె తండ్రి వైపు తిరిగి బొటనవేలు నోటికానించింది. ఆయన అరచెయ్యి ఊపారు.

"ఆయన చెవులు బాగానే పనిచేస్తున్నాయి కదమ్మా?" అన్నారు గురువుగారు.

హైమవతి ఎత్తిన చెయ్యి అలాగే ఉండిపోయింది. తన ఉద్యోగం కోసం ఇంటిల్లిపాదినీ మూగవాళ్ళను చేసి, ఆ ఇంట్లో తండ్రిని పడుకోబెట్టి, ఆయనకు మాట ఎప్పుడొస్తుందా అని ఎదురుచూస్తోంది. అది తెలిసిన క్షణాన ఆమె ముఖం చూడలేకపోయానని చక్రధర్ తరవాత నాతో చెప్పాడు.

మెడలోని హెడ్‌ఫోన్‌లోంచి ఎవరో పేరు పెట్టి పిలుస్తున్నారు. ఆమె పట్టించుకోలేదు. మంచం మీద కూర్చుని, "నాన్నా, మంచినీళ్ళు కావాలా?" అంది. ఆయన చెయ్యి లేవబోయి ఆగింది. పెదవులు కదిలాయి. మాట రాలేదు. మళ్ళీ అడిగింది. ఉత్త గాలే వచ్చింది. ఆమె ఆయన ముఖం మీంచి చూపు తియ్యలేదు.

అప్పుడు లేచి వెళ్ళి, గది తలుపు బార్లా తెరిచే ఉంచి, మైకులో చెప్పింది: "మా నాన్నగారు మళ్ళీ మాట నేర్చుకుంటున్నారండి. ఇకమీదట మా ఇంటి చప్పుళ్ళు మీకు వినబడతాయి. కుదరదంటే చెప్పండి, ఉద్యోగం మానేస్తాను." పైవాళ్ళతో ఆ మాట అనడానికి ఎంత గుండె కావాలో ఉద్యోగాలు చేసేవాళ్ళకు తెలుసు. అందుకే నాకు హైమవతి అంటే అంత గౌరవం. అవతలివాళ్ళు కాదనలేదట. తరవాత పని సంగతుల్లో పడ్డారట.

ఆ రోజునుంచి ఆ ఇంట్లో గోలే గోల. చక్రధర్ పేపరు పైకి చదివేవాడు. హైమవతి పని చేసుకుంటూనే తండ్రిని పలకరిస్తూ ఉండేది. చాలాకాలం ఫలితం కనబడలేదు. ఒక మధ్యాహ్నం, "మజ్జిగ తాగుతావా నాన్నా?" అని కేకేస్తే, "ఆయ్" అన్నారు వీర్రాజు గారు. అవుననడానికి ఆయ్ అనే గోదావరి మనిషికి తిరిగొచ్చే మొదటి మాట అదే అవుతుంది మరి.

మర్నాడు మేమంతా ఉండగా ఆమె గురువుగారి దగ్గరకు వచ్చింది. సంతోషం చెప్పుకుంది గానీ, ముఖంలో ఏదో తప్పు చేసిన భావం.

"మా ఇల్లిప్పుడు చేపల బజారులా ఉందండి. కళ్ళు మూసుకుని కూర్చుని ఎన్నాళ్ళయిందో. నా ధ్యానం పూర్తిగా చెడిపోయింది."

"నిన్న మీ ఇంట్లో ఏమేం వినబడిందమ్మా?" అన్నారాయన.

ఆమె చెప్పసాగింది. పేపరు చదువుతూ చక్రధర్ తడబడటం. పొయ్యి మీద పప్పు ఉడకటం. తను ఆఫీసువాళ్ళతో మాట్లాడుతుండగా పక్కగదిలో నాన్న గొంతు సవరించుకోవటం. దుప్పటి తోసుకుని ఆయన ఇటు తిరగటం. ఆ "ఆయ్" అనేముందు ఆయన తీసుకున్న ఊపిరి. అక్కడికొచ్చేసరికి ఆమె కళ్ళు తుడుచుకుని, "అవన్నీ సరేనండి, నా ధ్యానం సంగతి?" అంది.

"అదే వింటున్నానమ్మా," అన్నారు సోమయాజులు గారు. "ఊపిరి తీసుకున్నారు. తరవాత?"