కోట గుమ్మానికి వేపమండ

ఒక ఊళ్లో ఎవరికైనా జబ్బు చేస్తే ఆ ఇంటి గుమ్మానికి వేపమండ కట్టేవాళ్లు. మండ కనబడిందంటే లోపల కష్టం ఉన్నట్టు.

వానాకాలం వచ్చిందంటే ఆ ఊరి వాగు బురదయ్యేది. ఆ నీళ్లే తాగి ఊరు ఊరంతా వాంతులూ విరేచనాలతో మంచమెక్కేది. మండలు విరిచీ విరిచీ చుట్టుపక్కల వేపచెట్లకి ఒక్క రెమ్మ మిగిలేది కాదు. కూర్చోడానికి చోటు లేక కాకులు మనుషుల నెత్తిమీద వాలేవి. ముసలివాళ్లు వాటికి అలవాటుపడి తలపాగా చుట్టుకోవడం మానేశారు.

దూరాన రాజు కోట గుమ్మానికి మాత్రం ఎన్నడూ మండ లేదు. రాజుకి జబ్బు రాకూడదని చట్టం. ఆ గుమ్మానికి బంతిపూల దండలు ఎంత ఒత్తుగా వేలాడేవంటే, లోపలికి పోవాలంటే ఏరు ఈదినట్టు చేతులతో తోసుకుంటూ పోవాలి.

ఒక ఏడు రాజు ఆ ఊరికి ఒకావిడని పంపాడు. ఆవిడ నెత్తిన రాగి కాగు పెట్టుకొని వచ్చింది. మండ కనబడ్డ ఇంటికల్లా పోయి, నీళ్లు వడగట్టి, కాచి, చల్లార్చి, ఉప్పూ బెల్లమూ కలిపి తాగించేది. మండ లేని ఇళ్లలో కాచిన నీళ్లే తాగమని పోరేది. ఆవిడ పోరు పడలేక బర్రెలు కూడా పచ్చినీళ్లు చూసి మొహం తిప్పుకునేవి. మరుసటి వానలకి గుమ్మాలు ఖాళీ అయ్యాయి. వేపచెట్లు చిగురేశాయి. కాకులు నెత్తులు వదిలి కొమ్మలకి పోయాయి.

అప్పుడొక కబురు వచ్చింది. కాగు వల్ల మేలు జరిగిందో లేదో చూసి రమ్మని రాజు కొలతల మనిషిని పంపుతున్నాడట.

ఊరి పెద్దాయనకి భయం పట్టుకుంది. పై ఊళ్లోనూ ఇలాంటి కాగే ఉండేది. కొలతల మనిషి వచ్చి, గుమ్మాలకి మండలు లేవని చూసి, "జబ్బే లేదు, ఇంక కాగు దేనికి," అని తీయించేశాడు. ఆ వానలకే అక్కడి వేపచెట్లు మళ్లీ మోడులయ్యాయి.

పెద్దాయన ఊరందర్నీ పిలిచాడు. "ప్రతి గుమ్మానికీ మండ కట్టండి. జబ్బుందంటేనే కాగు ఉంటుంది."

"వద్దు పెద్దాయనా," అంది కాగు ఆవిడ. "మండ చూసే కదా నేను ఇంట్లోకొచ్చేది. అన్ని గుమ్మాలూ పచ్చగా ఉంటే నేనెక్కడికి పోను?"

"నువ్వూరుకోమ్మా. నిన్ను నిలుపుకోడానికేగా ఈ పాట్లన్నీ."

కొలతల మనిషి పొడుగాటి కొలబద్ద భుజాన వేసుకొని వచ్చేసరికి ఊరు అడవిలా ఉంది. మూలుగులకి ఇళ్లమీద పెంకులు కదులుతున్నాయి. బండరాళ్లు ఎత్తే పహిల్వాన్ కుక్కిమంచంలో పడి కళ్లు తేలేశాడు.

"ఏమైంది బాబూ?"

"అన్నం సయించట్లేదయ్యా. పోయేట్టున్నాను," అన్నాడు పహిల్వాన్. మీసానికి గోంగూర పచ్చడి అంటుకొనే ఉంది.

"పోయేముందు మూతన్నా తుడుచుకోరా," అని లోపల్నుంచి వాళ్లమ్మ గొణిగింది.

కొలతల మనిషి మీసం వంక చూడలేదు. ఆయనకి గుమ్మాలు చూడమని చెప్పారు గానీ మీసాలు చూడమని చెప్పలేదు. వీధులన్నీ తిరిగొచ్చి, "ఇంత జబ్బా. కాగు వల్ల ఒరిగిందేమీ లేదు. తీయించేస్తాను," అన్నాడు.

పెద్దాయన చేతులు జోడించాడు. "అయ్యా, మేమంతా గుండ్రాళ్లలా ఉన్నాం. మండలు ఊరికే కట్టాం."

"జ్వరం తలకెక్కినవాళ్లు అలాగే అంటారు," అన్నాడు కొలతల మనిషి జాలిగా.

అంతలో ఎక్కడో ఒక తల్లి కేక వినబడింది. ఒక్క కేక, అంతే, ఆగిపోయింది. అన్ని దొంగ మూలుగుల మధ్యా అది నిజమని కాగు ఆవిడకి తెలిసింది.

"ఏ ఇల్లమ్మా అది?" అన్నాడు పెద్దాయన.

"ఎట్లా చెప్పను? పొద్దుటి నుంచీ ఆ గుమ్మం దాటే ఉంటాను. అన్నిటికీ మండలే కదా."

పెద్దాయన పరిగెత్తుకుపోయి తన గుమ్మానికున్న మండ పీకేశాడు. ఆయన్ని చూసి పక్కింటివాళ్లు, వాళ్లని చూసి ఎదురింటివాళ్లు పీకారు. చావబోతున్న పహిల్వాన్ ఒక్క గెంతులో మంచం దిగి చూరెక్కాడు. కొలతల మనిషి కూడా, ఎందుకో ఇంకా అర్థం కాకుండానే, అందని మండల్ని బద్దతో లాగి పడేశాడు.

చివరి వీధిలో ఒకే ఒక్క మండ మిగిలింది. కాగు ఆవిడ అక్కడికి పరిగెత్తింది.

లోపల చిన్నపిల్ల. కళ్లు గుంటలు పడ్డాయి, నాలుక పిడచకట్టింది. తల్లి తలెత్తి, "నువ్వు రెండుసార్లు నా వాకిట్లోంచే పోయావమ్మా," అంది. "దీన్ని వదిలి రాలేకపోయాను. అరుద్దామంటే అందరూ అరుస్తూనే ఉన్నారు."

కాగు ఆవిడ చెంచాతో నీళ్లు పోస్తూ కూర్చుంది. ఊరంతా ఆ వాకిట్లో నిలబడింది. దీపాలు పెట్టే వేళకి పిల్ల కళ్లు తెరిచి, "బెల్లం చాల్లేదు," అంది.

ఊరు ఒక్కసారి ఊపిరి వదిలింది. ఆ గాలికి వాగవతల ఆరేసిన చీరలన్నీ ఎగిరిపోయాయి. పెద్దాయన అరుగుమీద కూలబడి ఏడుస్తూ నవ్వాడు.

పిల్ల లేచి ఆడుకునే దాకా కొలతల మనిషి ఆ ఊళ్లోనే ఉన్నాడు. తర్వాత తల్లి విప్పి పారేసిన మండ తీసుకొని కోటకి పోయాడు.

రాజు పొట్టమీద చెయ్యి పెట్టుకొని కూర్చున్నాడు. "జబ్బుందా, లేదా? ఉంటే కాగు దండగ. లేకపోతే కాగెందుకు?"

"ఉంది ప్రభూ. ఇదొక్కటి," అని కొలతల మనిషి మండ చూపించాడు. "ఇది కనబడింది కాబట్టి పిల్ల బతికింది. పై ఊళ్లో ఏమీ కనబడలేదని కాగు తీయించింది నేనే. మళ్లీ పంపించండి."

రాజు ఏదో అనబోయాడు. అంతలో ఆయన కడుపు ఉరిమింది. చట్టం ప్రకారం సభలో వాళ్లంతా అది మబ్బు అనుకొని గొడుగులు తెరిచారు. ఎన్నో ఏళ్లుగా తెరుస్తూనే ఉన్నారు.

రాజు ఆ గొడుగుల వంక చూశాడు.

"ఆ మండ ఇలా ఇవ్వు," అన్నాడు.

మర్నాడు కోట గుమ్మానికి బంతిపూలు లేవు. వాడిన వేపమండ ఒక్కటే ఉంది. ఆ కబురు గుర్రాలకంటే ముందు ఊరు చేరింది. కాగు ఆవిడ వస్తే కాపలావాడు అడ్డుపడ్డాడు.

"ఇది కోటమ్మా."

"మండ ఉంది కదయ్యా. లోపల ఎవరికి బాగోలేదు?"

కాపలావాడు చట్టం గుర్తొచ్చి నోరు మూసుకున్నాడు. రాజే బయటికి వచ్చాడు.

"నాకే," అన్నాడు. "చాలా ఏళ్లయింది."

"ఏం నీళ్లు తాగుతున్నారు?"

"బంగారు చెంబులో నీళ్లు."

"చెంబు సంగతి తర్వాత ప్రభూ. బావి చూపించండి."

రాజు చెప్పులు కూడా వేసుకోకుండా ముందు నడిచాడు. కాగు వెనక నడిచింది. సభలో వాళ్లు ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకొని, ఒక్కొక్కరే గొడుగులు ముడిచారు.