కొక్కవ్వ ముట్టని గింజలు

ఎర్రగుట్ట వాలులో ఒక రాళ్ళ చేను ఉండేది. ఇందులో ఏం పండుతుందిలే అని మనుషులు వదిలేసి పోతే, జంతువులే సాగు చేసుకుని తినేవి. దున్నేది మైలన్న అనే ఎద్దు. పురుగులు ఏరేది పర్లమ్మ అనే కోడి, దాని పిల్లలు. విత్తనాలు దాచేది ఒక ముసలి పందికొక్కు. దాన్ని అందరూ కొక్కవ్వ అనేవాళ్ళు.

పందికొక్కు అనగానే ముక్కు చిట్లించుకున్నారు కదూ? ఆ చేలో వాళ్ళూ అంతే. చేలో ఏ కంకి కనబడకపోయినా నేరం కొక్కవ్వ మీదికే పోయేది.

దాని బొరియలో మాత్రం సొరబుర్రలు వరసగా ఉండేవి. ఒకదాంట్లో సామలు, ఒకదాంట్లో కొర్రలు, తర్వాత అరికెలు, ఉలవలు, పచ్చజొన్నలు. బూడిద కలిపి, వేపాకు వేసి, మూతికి మట్టి మెత్తేది. ఏటా తొలకరికి ప్రతి బుర్రలోంచీ గుప్పెడు తీసి చల్లి, పండిన కొత్త గింజతో మళ్ళీ నింపేది. "ఊరికే పడుకోబెడితే గింజ లేవడం మర్చిపోతుందే పర్లమ్మా" అనేది.

ఒక ఏడు నక్క చిప్పెడు మొక్కజొన్న గింజలు పట్టుకొచ్చింది.

"మైలన్నా, ఇటు చూడు! ఒక్కో కంకి నీ కొమ్మంత కాస్తుంది. ఆ సామలూ అరికెలూ ఇంకా ఎన్నాళ్ళు నములుతావు?"

"ఊరికే ఇస్తావా బావా?" అంది ఎద్దు.

"మనలో మనకి బేరాలా? చిప్పకి ఒక కోడిపిల్ల. అంతే!"

పర్లమ్మ పిల్లల్ని రెక్కల కిందికి లాక్కుంది. కానీ అందరూ దాని ముఖమే చూస్తున్నారు. ఏడ్చుకుంటూ ఒక పిల్లని ఇచ్చింది.

కంకులు నిజంగానే కొమ్మంత కాశాయి. ఆ సంబరంలో ఇళ్ళల్లో ఉన్న పాత గింజలన్నీ గుగ్గిళ్ళు చేసుకు తినేశారు. "నీ బుర్రలు కూడా బయటికి తియ్యవే అవ్వా" అంటే కొక్కవ్వ బొరియకి అడ్డంగా కూర్చుంది.

"ఒక్కో గింజది ఒక్కో గుణమర్రా. సామకి తొందరెక్కువ, వాన వెనకబడినా గబగబా పండిపోతుంది. అరికెకి ఓపికుంది. ఉలవని రాళ్ళల్లో పడేసినా అలగదు. ఈ కొత్తదాని గుణం మనకేం తెలుసు?"

"చాదస్తం!" అని నవ్వి పోయారు. కొక్కవ్వ మాత్రం ఏటా బొరియ పక్కనే గుప్పెడు గుప్పెడు చల్లుకుని బుర్రల్లో గింజ మార్చుకుంటూనే ఉంది.

మరుసటి ఏడు ఆ మొక్కజొన్న గింజనే దాచి వేస్తే కంకి సరిగ్గా కట్టలేదు. మళ్ళీ నక్క దగ్గరికి వెళ్ళారు, మళ్ళీ ఒక పిల్ల పోయింది. ఆ తర్వాతి ఏడూ అదే కథ. నక్క ఒళ్ళు చేసింది. పర్లమ్మ వెనక నడిచే పిల్లలు పలచబడిపోయాయి.

ఇంతలో మొక్కజొన్న మొవ్వులో, ఆ నడిమి లేత చిగురులో, పురుగు పడింది. చేనంతా ఒకటే పంట కదా, పురుగుకి అడ్డేముంది? ఈ చివర మొదలుపెట్టి ఆ చివరిదాకా తినేసింది. పైగా వాన మొహం చాటేసింది. మైలన్న డొక్కలు బయటపడ్డాయి. అందరూ కొక్కవ్వ బొరియ ముందు నిలబడ్డారు.

"అవ్వా, నీ బుర్రల్లో ఏమైనా ఉన్నాయా?"

"ఇంకెక్కడి గింజలు? పందికొక్కుని, నా దగ్గర తిండి నిలుస్తుందా? ఎప్పుడో మింగేశా."

"నీ పొట్ట పగల! అందరిదీ నువ్వే తినేశావా!" అని తిట్టి, ఉమ్మేసి పోయారు.

అబద్ధం! ఒక్క గింజ ముట్టలేదు ఆ తల్లి. ఉన్నాయని చెబితే ఆకలి మీద ఒక్క పూటలో ఊడ్చేస్తారని, ఎలాగూ ఉన్న చెడ్డపేరునే అడ్డం పెట్టుకుంది. నిండు బుర్రల పక్కన పడుకుని గడ్డివేళ్ళు నమిలింది. ఇలాంటి ఓర్పు నేనెక్కడా వినలేదు. మీరు విని ఉంటే చెప్పండి.

మృగశిర కార్తె వచ్చింది. గుట్ట మీద మబ్బు దిగింది. అప్పుడు కొక్కవ్వని చూసి నక్కకి అనుమానం తగిలింది. 'అంత మింగినదైతే దీని తోలు ఇలా వేలాడుతోందేం? గింజలు దాచిందన్నమాట. అవి మట్టిలో పడితే ఇక నా గుమ్మం తొక్కేదెవరు?' అనుకుని మైలన్న వాళ్ళుండే కొట్టానికి పరిగెత్తింది.

"మిమ్మల్ని ముసల్ది మోసం చేసింది! బుర్రలు నిండుగా ఉన్నాయి. రండి, కడుపారా తిందురుగాని. నేనే తవ్విపెడతా!"

అన్నట్టే గోళ్ళు అరిగేలా తవ్వింది. బుర్రలు దొర్లుకుంటూ బయటికొచ్చాయి. మూతికి మెత్తిన మట్టి చెక్కు చెదరలేదు. వాటి వెనక ఎముకల గూడులా కొక్కవ్వ, లేచి నిలబడే ఓపిక కూడా లేదు.

మైలన్న ఒక బుర్ర పగలగొట్టి మూతి పెట్టబోయింది.

"నిన్ను ఆపే బలం నాకు లేదు నాయనా" అంది కొక్కవ్వ. "కానీ ఒక్కసారి మబ్బు వైపు చూసి తిను."

"మబ్బుతో కడుపు నిండుతుందా? తినన్నా, తిను!" అని తొందరపెట్టింది నక్క.

పర్లమ్మ ముందుకొచ్చింది. "బావా, నువ్వు గింజ తినవు కదా. మా ఆకలి మీద నీకింత జాలి ఎందుకు పుట్టుకొచ్చింది?"

"మీ కోసమేనే పిచ్చిదానా!" అంది నక్క. కానీ దాని చూపు పర్లమ్మ రెక్క కింది పిల్ల మీదే ఉంది. మిగిలింది ఆ ఒక్కటే.

"ఇవి తినేస్తే రేపు చిప్ప పట్టుకుని వస్తావు. అప్పుడు నేనిచ్చేది దీన్నేగా!" అని పర్లమ్మ గొంతు చించుకుని అరిచింది. "మైలన్నా, నా పిల్ల ప్రాణం ఆ బుర్రలో ఉంది. నీ మూతి వెనక్కి తియ్యి!"

ఎద్దు మూతి వెనక్కి తీసుకుంది. నోట్లోంచి చొంగ కారుతూనే ఉంది పాపం. అయినా నక్క వైపు కొమ్ములు తిప్పింది. నక్క వెనక్కి చూడకుండా పారిపోయింది.

వాన పడింది. దొరికిన పచ్చగడ్డి కొరికి, ఆ ఓపికతోనే దున్ని, బుర్రల్లోని గింజలు చల్లారు. సామ అందరికంటే ముందు పండింది. మొదటి జావ కొక్కవ్వ దగ్గరికి తీసుకెళితే, అది చిప్ప పక్కకి నెట్టింది.

"ముందు విత్తనానికి తీశారా?"

"తీశామవ్వా. కొంత నీ బుర్రల్లో, కొంత కొట్టంలో, ఇంకొంత గుట్ట మీద గుహలో. ఒకచోట పోయినా ఇంకోచోట ఉంటాయి" అంది పర్లమ్మ. "మమ్మల్ని క్షమించవే. నోటికొచ్చినట్టు తిట్టాం."

"సర్లే, జావ చల్లారిపోతోంది" అని కొక్కవ్వ అప్పుడు తాగింది.

గట్టు అవతలినుంచి నక్క ఇదంతా చూస్తోంది. పొట్ట వీపుకి అంటుకుపోయింది. ఆగలేక అడిగింది.

"ఒసేయ్ ముసలీ, నిజం చెప్పు. అన్ని గింజలు పక్కన పెట్టుకుని నీకు తినాలనిపించలేదా?"

"ప్రతి పూటా అనిపించిందిరా" అంది కొక్కవ్వ. "కానీ బుర్ర మీద చెయ్యి వేస్తే చాలు, ఇదిగో ఈ చేనే కనబడేది. చేనుని మింగేంత పెద్ద నోరు నాకు లేదు."

నీతి: ఆకలి రోజున కూడా విత్తనం జోలికి పోనివాళ్ళే అందరికీ అన్నం పెట్టినవాళ్ళు.