రాజమాత నడిచిన వీధి

అనగనగా కలువకొండ నగరంలో గుర్రాలంటే ప్రాణమిచ్చే రాజొకడుండేవాడు. ఆయన మంత్రి వేగదత్తుడు ఆ విషయంలో రాజుకంటే రెండాకులు ఎక్కువే చదివాడు.

ఒకనాడు మంత్రి, "ప్రభూ! మన గుర్రం ఆగకుండా పరుగెత్తేదే మంచి వీధి. ఆగిన వీధిలో అరుగులు కొట్టించి, చెట్లు నరికించి దారి వెడల్పు చేద్దాం" అన్నాడు. రాజు సరేనని గుర్రాన్ని నగర వీధుల్లో పరుగెత్తించాడు.

గుర్రం రథాల వీధిలో రివ్వున దూసుకుపోయింది. రాళ్లు పరిచిన అంగడి వీధిలో టకటకా పరుగెత్తింది. మేదరి వీధిలో మాత్రం అడుగడుక్కీ ఆగింది. ఆగక ఏం చేస్తుంది! ఒకచోట పిల్లలు గోళీలాడుతున్నారు. ఒకచోట కోడి తన పిల్లలతో తీరిగ్గా దారి దాటుతోంది. వేపచెట్టు కింద తాతలు పులిజూదంలో మునిగి లోకమే మరిచారు.

ఆ వీధిలో నాంచారమ్మ బుట్టలల్లేది. ఇంటి ముందు అరుగే ఆమెకు కొట్టు, అరుగే కూడు. అది కొట్టేస్తారని ఆమె చెవిన పడింది. ఏడుస్తూ కూర్చుంటే పని జరుగుతుందా? కొంగు బిగించి కోటకు వెళ్లింది.

"మహారాజా! గుర్రం మా వీధిలో కాపురముంటుందా?" అని అడిగింది.

సభంతా ఘొల్లుమంది. రాజూ నవ్వాడు. "మరి ఎవరి నడకతో కొలవమంటావు?"

"మీ అమ్మగారి నడకతో కొలవండి దొరా. ఆ తల్లి నడవగలిగిన చోట అందరూ నడుస్తారు."

రాజమాత సంబరంగా బయలుదేరింది. రథాల వీధిలో ఇవతలి నుంచి అవతలికి దాటలేక, నిలబడి నిలబడి వెనక్కి వచ్చేసింది. మర్నాడు అంగడి వీధిలో నీడా లేదు, కూర్చోడానికి చోటూ లేదు. అరికాళ్లు బొబ్బలెక్కి పల్లకి తెప్పించుకుంది. మూడోనాడు మేదరి వీధికి వెళ్లింది. పొద్దు వాలినా తిరిగి రాలేదు!

రాజు కంగారుగా మంత్రిని వెంటబెట్టుకుని వచ్చాడు. ఆ రాకను చూసి నాంచారమ్మ గబుక్కున లేచి నిలబడింది. రాజమాత మాత్రం ఆమె అరుగు మీదే కూర్చుని, తాంబూలం నములుతూ, అమ్మలక్కలతో పకపకా నవ్వుతోంది. తల్లి అలా నవ్వి ఎన్నాళ్లయిందో! రాజుకు కళ్లు చెమర్చాయి.

"ఇంత ఆలస్యమేమిటమ్మా?"

"రాబుద్ధి కాలేదురా నాయనా. నువ్వూ వచ్చి కూర్చో."

రాజు కూర్చున్నాడు. నాంచారమ్మ ఇచ్చిన మజ్జిగ తాగి, మంత్రితో అన్నాడు: "ఈ వీధిలో ఒక్క ఇటుక కూడా కదపవద్దు. తక్కిన వీధుల్లో చెట్లు నాటించి, అరుగులు కట్టించండి. గుర్రాలు మెల్లగానే నడుస్తాయి, వాటికేం తొందర!"

ముసలీముతకా, పిల్లాజెల్లా నిశ్చింతగా నడిచేదే మంచి వీధి. దాన్ని గుర్రం వేగంతో కొలవరాదు.