బొంతలు ఉతికిన రోజు

గెడ్డవలస మున్సిపాలిటీలో పైడయ్య అని ఒక వాల్వు మనిషి ఉండేవాడు. చెయ్యి గట్టిదే గానీ నోరు మహా పిరికిది. పెద్దవాళ్ళ ఎదట నిజం నాలిక చివరిదాకా వస్తే, దాన్ని గుటుక్కున మింగేసి తల గోక్కునేవాడు.

ఊళ్ళో వీధివీధికీ కుళాయి నీళ్ళు వదిలేది ఈ వాల్వు మనుషులే. రోడ్డు పక్కన నిలువెత్తు గొయ్యి ఉంటుంది. దాని అడుగున ఇనప చక్రం. దిగి తిప్పితే ఆ వీధికి నీళ్ళొస్తాయి, వెనక్కి తిప్పితే ఆగిపోతాయి. వాళ్ళలో ఒక కట్టుబాటు ఉండేది. ఒకరు గోతిలోకి దిగితే ఇంకొకరు పైన నిలబడాలి. లోపలి మనిషి ఎక్కేదాకా పైమనిషి అడుగు కదపకూడదు.

పైడయ్యకి జత వరహాలమ్మ. ఆమెను వదినా అని పిలిచేవాడు. ఆమె మొగుడు కూడా వాల్వు మనిషే. అతను పోతే ఆ ఉద్యోగం ఆమెకిచ్చారు. ఆడదానివల్ల చక్రం తిరుగుతుందా అని మొదట్లో మగాళ్ళంతా నవ్వారు. ఆరు నెలలు తిరక్కుండా, చక్రం బిగుసుకుపోతే ఆమెకోసమే కబురు పెట్టేవారు.

ఒకనాడు పొద్దున్న ఏడింటికి వరహాలమ్మ గోతిలోకి దిగి కుమ్మరివీధికి నీళ్ళు వదిలింది. ఆ గొయ్యి ఊరి చివర తుప్పల్లో ఉంటుంది. పైన పైడయ్య నిలబడ్డాడు. ఇంతలో అతని ఫోను మోగింది. ఏఈ ముకుందరావు. నీళ్ళ విభాగానికంతటికీ ఆయనే పెద్ద.

“కల్యాణ మండపంలో నీళ్ళు లేవట. ఛైర్మన్ గారింటి పెళ్ళి. ఉన్నపళాన వెళ్ళి లైను వదులు.”

“వదిన గోతిలో ఉందండి. ఎక్కగానే...”

“చెయ్యి పట్టుకుని ఎక్కించడానికి అదేమైనా కొత్త పెళ్ళికూతురా? వెళ్ళమంటే వెళ్ళు!”

పైడయ్య వెళ్ళిపోయాడు. వరహాలమ్మ ఎక్కుతుంటే తుప్పు పట్టిన మెట్టు ఊడింది. ఆ మెట్టు మార్చమని ఆమె అంతకుముందే మూడు అర్జీలు పెట్టుకుంది. ఎవడు చదివాడు గనక! అరిస్తే పలికే దిక్కు లేదు. తొమ్మిదింటికి పైడయ్య తిరిగొచ్చేసరికి, మోకాలి చిప్ప పగిలి బురదలో కూలబడి ఉంది. ఆమెను పైకి లాగి ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోయిందీ అతనే.

ఏడు నెలలు మంచం మీదుండి, చేతికర్ర పట్టుకుని వరహాలమ్మ ఆఫీసుకొచ్చింది. గుమ్మంలోనే ఒక గుమస్తా నవ్వాడు.

“ఏటి వరహాలమ్మా, మూడు కాళ్ళ మీదొచ్చావు?”

“నాలుగు కాళ్ళ మీద తిరిగే నీకంటే నయమేలే నాయనా” అని ఆమె లోపలికి నడిచింది.

డాక్టరు కాయితంలో తేటగా రాశాడు, కూర్చుని చేసే పని ఏదైనా చేయగలదని. అలాంటి పని ఉంది కూడా. ఏ వీధికి నీళ్ళు రాలేదో ఫోనులో విని, పుస్తకంలో రాసుకుని, మనిషిని పంపే పని. ఊళ్ళో వాల్వులన్నీ ఆమెకు చూడకుండా తెలుసు. కానీ ఆ కుర్చీలో అప్పటికే ముకుందరావు బావమరిది కూర్చున్నాడు.

“ఇది నీళ్ళ ఆఫీసమ్మా, కుంటివాళ్ళ సత్రం కాదు. గోతిలో దిగగలిగితే రా. దిగలేనంటే, నావల్ల కాదని రాసిచ్చి ఇంటికి పో” అన్నాడు ముకుందరావు.

“నీ గోతిలో పడే కదయ్యా కాలు పోయింది.”

“ఎవరు చూశారు?”

ఆ పక్కనే నిలబడ్డ పైడయ్య నేల చూపులు చూశాడు.

వరహాలమ్మ రాసివ్వలేదు. రోజూ వచ్చి వరండాలో బల్ల మీద కూర్చునేది. మూడో రోజు ఆ బల్ల తీయించేశారు. అయితే మెట్ల మీద కూర్చుంది. మెట్ల మీద కూర్చుంటే జనానికి అడ్డమన్నారు. అప్పుడామె జిల్లా ఆఫీసుకి పోయి ఫిర్యాదు పెట్టింది. ఉద్యోగంలో ఉండగా కాలు పోయిన గవర్నమెంటు ఉద్యోగికి చేయగలిగిన పని ఇవ్వాలని చట్టం ఉంది, నాకు ఎందుకివ్వరు అని.

ముకుందరావు చల్లగా జవాబు రాశాడు. “ఆమె ఆ రోజు డ్యూటీకే రాలేదు. పొద్దున్న ఆరింటికి తన ఇంటి దొడ్లో జారిపడింది. ఇప్పుడు ఆఫీసు మీద అబద్ధపు ఫిర్యాదు చేస్తోంది. అందుకు ఉద్యోగంలోంచి తీసెయ్యాలి.” హాజరు పుస్తకంలో ఆ తారీఖున ఆమెకు ఆబ్సెంటు వేయించాడు. తర్వాత పైడయ్యను పిలిచాడు.

“ఇదిగో, ఆ రోజు ఆమె రాలేదని నీ సాక్ష్యం. సంతకం పెట్టు.”

“బాబూ, ఆవిణ్ణి లాగింది నేనే కదండీ...”

“ఓహో! గోతిలో మనిషిని వదిలేసి పోయింది కూడా నువ్వే కదా. అది రాయమంటావా? ఎవరి ఉద్యోగం పోతుందో చూద్దాం.”

పైడయ్య సంతకం పెట్టేశాడు. ఇంటికి పోతూ దారంతా తనకు తనే సర్దిచెప్పుకున్నాడు. నేనొక్కణ్ణీ చెప్తే మాత్రం నమ్ముతారా? పిల్లలున్నవాణ్ణి. వదినది గట్టి పిండం, ఎలాగో నెగ్గుకొస్తుంది. పిరికివాడికి సాకులు కరువా!

విచారణ రోజు జిల్లా నుంచి ఒక మేడమ్ వచ్చి మున్సిపల్ హాల్లో కూర్చుంది. పైడయ్య సాక్ష్యం చదివి, “ఇది నీ సంతకమేనా?” అనడిగింది.

“అవునండి.”

“ఆమె ఆ రోజు రాలేదా?”

వరహాలమ్మ అతని మొహంలోకే చూస్తోంది. పైడయ్య తల గోక్కున్నాడు. “రాలేదండి” అన్నాడు.

“నీ తరఫున ఎవరైనా ఉన్నారామ్మా?” అని మేడమ్ వరహాలమ్మను అడిగింది.

“ఉన్నారమ్మా. కుమ్మరివీధి అంతా ఉంది.”

పదకొండు మంది ఆడవాళ్ళు బిలబిలమంటూ లోపలికొచ్చారు. ముందు నడుస్తున్న బంగారమ్మ ఎవరూ అడక్కుండానే మొదలెట్టింది.

“మా వీధికి రోజూ ముప్పావుగంటే నీళ్ళు తల్లీ. నాలుగు బిందెలు పట్టేసరికి బుస్సుమని ఆగిపోతాయి. ఆ రోజు పొద్దున్న ఏడింటికొచ్చిన నీళ్ళు ట్యాంకు అడుగంటేదాకా ఆగలేదు. ఇళ్ళు కడిగాం, గేదెల్ని కడిగాం, వీధివీధంతా బొంతలు ఉతుక్కున్నాం. మళ్ళీ అంత నీళ్ళు ఏనాడూ చూడలేదు.”

ముకుందరావు పకపకా నవ్వాడు. “ఏడెనిమిది నెలల కిందట బొంతలు ఉతికిన తారీఖు నీకెలా గుర్తుందే?”

“ఎలా గుర్తుండదు బాబూ? ఆ పొద్దున్నే మా కోడలు నీళ్ళాడింది. పురిటి బట్టలు ఉతకడానికి గంగమ్మ తల్లే దిగొచ్చిందనుకున్నాం. ఇదిగో పిల్ల పుట్టిన కాయితం. కింద ముద్ర మీ ఆఫీసుదే. అదీ అబద్ధమేనా?”

మేడమ్ కాయితం చూసింది. తారీఖు అదే. ఆమె పైడయ్య వైపు తిరిగింది.

“వరహాలమ్మ ఆరింటికే ఇంట్లో పడిపోతే, ఏడింటికి కుమ్మరివీధికి నీళ్ళు వదిలిందెవరు?”

“నే... నేనేనండి.”

“ఏడింటికి నిన్ను కల్యాణ మండపం లైనుకి పంపినట్టు పని పుస్తకంలో ఉంది. ఏఈ గారి సంతకం కూడా ఉంది. సరే, నువ్వే వదిలావనుకుందాం. మరి ఎందుకు కట్టలేదు?”

పైడయ్యకి ఇప్పుడు వెలిగింది. నిజమే. ఆ గాభరాలో మనిషిని లాగాడు గానీ, చక్రం వెనక్కి తిప్పాలన్న సంగతే తోచలేదు. పదకొండు మంది ఆడవాళ్ళూ నడుం మీద చేతులు పెట్టుకుని అతన్నే చూస్తున్నారు.

“చెప్పవయ్యా మగధీరుడా! నోట్లో బెల్లంగడ్డ ఉందా?” అంది బంగారమ్మ.

అప్పుడు పైడయ్య భోరుమన్నాడు. ఫోను రావడం, వదిలేసి పోవడం, మెట్టు ఊడటం, సంతకం పెట్టడం, అన్నీ చెప్పేశాడు. చెప్పి, చేతులు జోడించి, “ఇదే నిజమండి తల్లీ” అన్నాడు.

“ఆ నిజం వీళ్ళు చెప్పేశారు కదయ్యా. నువ్వు కొత్తగా చెప్పిందేముంది?” అంది మేడమ్. తర్వాత ముకుందరావుతో, “ఆమె ఇంట్లోనే పడిందనుకోండి, అయినా కాలు పోయిందని ఉద్యోగిని గెంటెయ్యడానికి మీకు హక్కు లేదు. అది చాలదన్నట్టు అబద్ధం ఆడారు, ఇంకొకడిచేత ఆడించారు” అని ఫైలు మూసేసింది.

వారం తిరిగేసరికి ఉత్తర్వు వచ్చింది. బావమరిదిని లేపి, కుర్చీ వరహాలమ్మకిచ్చారు. ముకుందరావును సస్పెండు చేశారు. దొంగ సాక్ష్యం చెప్పినందుకు పైడయ్యకు కూడా నోటీసు వచ్చింది.

పైడయ్య ఆమె బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. “వదినా, చివరికి నిజమే చెప్పాను కదా. ఇంకా కోపమేనా?”

వరహాలమ్మ పుస్తకంలోంచి తలెత్తింది. “ఏడు నెలలు నేను మంచం మీదున్నప్పుడు నీ నోట్లో ఉంది నిజం. బల్ల లాగేసిన రోజూ ఉంది. మెట్ల మీంచి లేపిన రోజూ ఉంది. అప్పుడు బయటికి తియ్యలేదు. కుమ్మరివీధి ఆడవాళ్ళు నీ పీక మీద కూర్చుంటే కక్కావు. కక్కిందాన్ని పళ్ళెంలో పెట్టి తెచ్చి తినమంటావేంటి?”

ఇంతలో ఫోను మోగింది. ఆమె విని, ఏదో రాసుకుని, చీటీ చింపి అతని చేతిలో పెట్టింది.

“సంతపేటకి నీళ్ళు రాలేదట. పో.”

నీతి: కళ్ళారా చూసినవాడు మొదటిరోజే నోరు విప్పాలి. నలుగురూ బయటపెట్టాక చెప్పే నిజం సాక్ష్యం కాదు, దొరికిపోయినవాడి ఏడుపు.