పన్నెండు అంకెలు

షాహీన్ పేరు వినపడితే చాలు, కిన్నెరకు ఒంటికి కారం రాసుకున్నట్టుండేది.

విశాఖపట్నంలో సముద్రపు గాలి తగిలే ఆ స్కేటింగ్ రింకులో ఇద్దరూ దానియేలు మాస్టారి శిష్యులే. ఇద్దరిదీ జంట స్కేటింగే; కిన్నెర జోడీ అప్పన్న. చక్రాల మీద పరుగు తీస్తూనే జోడీవాడు అమ్మాయిని తలపైకెత్తి, ఒంటిచేత్తో నిలబెట్టాలి. జాతీయ పోటీలకు రాష్ట్రం నుంచి ఒక్క జంటే వెళుతుంది. రెండేళ్లుగా వెళుతున్నది షాహీన్ జంట. ఈసారి ఎంపికకు ఇంకా తొమ్మిది రోజులుంది.

ఆ ఉదయం షాహీన్ వాళ్లు మంచినీళ్లకు ఆగగానే కిన్నెర మాస్టారి ముందుకొచ్చి నిలబడింది.

"వాళ్లకేదో విడిగా చెబుతున్నారు మాస్టారూ. మాకు చెప్పనిది."

మాస్టారు స్కేటు చక్రంలో చుట్టుకున్న దారాలు పీకుతున్నారు. తలెత్తలేదు.

"ఏం చూశావేంటి?"

"అన్నీ చూశాను. మూడో మలుపులో ఊపిరి బిగపడుతుంది. లేచేముందు కుడి మోకాలు ఇంత వంచుతుంది. అతను ఎడమ చేతి మీద నిలబెడతాడు, తొమ్మిది అంకెలు లెక్కపెట్టేదాకా. ఆరో అంకె దగ్గర బొటనవేలు సర్దుకుంటాడు. దిగేటప్పుడు ఆవిడగారు ముందు జడ్జీల వైపు నవ్వి, ఆ తర్వాత కాలు పెడుతుంది."

"నవ్వు కూడా చూశావా?"

"పళ్లు లెక్కపెట్టాను."

"నేనే అంత చూళ్లేదమ్మా" అన్నారు మాస్టారు.

"అందుకే మేం పన్నెండు అంకెలు చేస్తున్నాం. రోజూ నలభైసార్లు. పైనున్నంతసేపూ వాళ్ల వైపే చూస్తుంటాను, ఎవరు ముందు దించుతారో అని. అప్పన్న చాలంటాడు. నేను ఒప్పుకోను."

మాస్టారు స్కేటు పక్కన పెట్టారు. సంచిలోంచి కట్టుగుడ్డ చుట్ట తీసి ఆమె చేతిలో పెట్టారు.

"అప్పన్నకి కట్టిరా. మణికట్టు వాచింది."

"ఎప్పుడు?"

"మూడు వారాలైందట. ఈ ఉక్కలో పొడుగు చేతుల చొక్కా ఏమిటని ఇవాళ పైకి మడవమన్నాను."

అప్పన్న మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. చొక్కా చేతులు మళ్లీ దించేసుకున్నాడు. ఆమె చేతిలో చుట్ట చూసి రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు.

"చెప్పీసేరా మాస్టారు?"

"తే ఇలా."

"ఎంపికయ్యాక చూద్దాంలే. పన్నెండు వచ్చీసింది కదా."

"తే అంటున్నానా!"

అతను చేతులు రెండూ తెచ్చి ఒళ్లో పెట్టుకున్నాడు.

కిన్నెర చుట్ట చివర విప్పింది.

"ఏ చెయ్యి?"

అప్పన్న ఆమె మొహంలోకి విచిత్రంగా చూశాడు.

"నిన్ను పైన నిలబెట్టేదే."

రింకు అవతల షాహీన్ పాట మళ్లీ మొదలైంది. కిన్నెర విప్పిన గుడ్డ పట్టుకుని, ఆ రెండు చేతుల్నీ మార్చి మార్చి చూస్తూ నిలబడిపోయింది.

చివరికి అప్పన్నే కుడి చెయ్యి ముందుకు చాచాడు.